రాజ్యము పోయినను నిలిచిన మాటలు



మా తండ్రిగారు పరమపదించిన పిదప మా యింటనున్న పాత సందుగను తెరచితిమి. దాని యడుగున గుడ్డలో చుట్టిన కాగితమొకటి దొరకెను. అది ఉర్దూలిపిలో వ్రాయబడియుండెను. నేను చిన్ననాట గురుముఖమున కావ్యములు చదివినవాడను. బడిలో ముప్పదియేండ్లకు మించి తెలుగు చెప్పినవాడను. అయినను అందొక్క యక్షరమును నాకు పట్టువడలేదు. ఇంగ్లీషు చదివిన నా కుమారునకును పట్టువడలేదు. పొరుగూర ఉర్దూ చదివిన వృద్ధులొకరు కలరు. వారిని వేడి, ఇంటికి తోడ్కొని వచ్చితిని.

వారు బిగ్గరగా చదువనారంభింపగనే మాకు వింత తోచెను. అక్షరము తెలియని మాకు మాటలలో సగము తెలియుచుండెను. అసలు, బాకీ, జమ, వసూలు, హద్దు - ఇవన్నియు మేము నిత్యము పలుకు మాటలే. అక్షరజ్ఞానమే లేని మా తల్లి గడపకడ కూర్చుండి, ఒక్కొక్క మాటకు తల యూచుచుండెను. ఆ కాగితము ఫసలీ 1350, అనగా 1940-41 నాటిది. మా తాతగారు ఒక షావుకారునకీయవలసిన బాకీ యంతయు చెల్లినదనియు, ఇక నేమియు లేదనియు వ్రాసిన రసీదు అది.

మా తల్లి కొంతసేపు మాటాడలేదు. తరువాత, ఆ సంవత్సరము గడచిన పిమ్మట గూడ రెండు పంటల ధాన్యము ఆ షావుకారుని యింటికి మోసితిమని తన యత్తగారు చెప్పుచుండెడివారని మెల్లగా ననెను. కాగితము మా తాతగారి చేతనే యున్నది. అందలి మాటలు ఆయన నోటనే యున్నవి. చదువుటకు కన్నులు మాత్రము లేకపోయెను.

ఈ కథలో రెండు సంగతులు కలవు. ఏలినవారి మాటలు మన నోటికి వచ్చుట యొకటి. ఏలినవారి వ్రాత మన కన్నులకందకుండుట మరియొకటి. కొందరు ఈ రెంటిని ఒక్కటిగా నెంచి, తెలుగున గల పరభాషాపదములనెల్ల నిందింతురు. నా మనవి యేమనగా: మొదటిది నష్టము కాదు, రెండవదియే నష్టము. ఈ భేదము ఇంగ్లాండుదేశపు చరిత్రలో చక్కగా కానవచ్చును గావున ముందుగా దానిని విన్నవించెదను.

1066వ సంవత్సరమున నార్మండీ ప్రభువగు విలియము సముద్రము దాటివచ్చి, హేస్టింగ్సు యుద్ధమున హెరాల్డు రాజును గెలిచి, ఇంగ్లాండు సింహాసనమెక్కెను. నార్మనులు ఉత్తరదేశములనుండి వచ్చి ఫ్రాన్సుతీరమున స్థిరపడి, అచ్చటి భాషనే తమదిగా జేసికొన్నవారు. అది మొదలు సుమారు మూడువందలయేండ్లు కొలువునందు ఫ్రెంచి, దస్త్రములయందు లాటిను, పొలమునందు ఇంగ్లీషు చెల్లెను. ఆవును కాచువాడు ఇంగ్లీషువాడు గాన ఆవునకు ‘కౌ’ అను దేశీయపు పేరే నిలిచెను. దాని మాంసము దొరల పళ్లెమునకు చేరగానే ‘బీఫ్’ అను ఫ్రెంచిపేరు వచ్చెను. గొఱ్ఱె ‘షీప్’, దాని మాంసము ‘మటను’. న్యాయస్థానమునకును, న్యాయాధిపతికిని, పన్నునకును ఇంగ్లీషున నేడు చెల్లు పేర్లు ఆ ఫ్రెంచినుండి వచ్చినవే.

తుదకు 1362లో, వ్యాజ్యములందలి వాదములు ఇంగ్లీషుననే జరుగవలెనని చట్టము చేసిరి. తమ పక్షమునను, తమకు ప్రతిగాను వకీళ్లు పలుకునది ప్రజలకు తెలియకున్నదనియే అందు కారణము చెప్పిరి. ఆ చట్టము సయితము ఫ్రెంచిభాషలోనే వ్రాయబడుట చిత్రము! ఆ కాలముననే చాసరు మహాకవి ఫ్రెంచిపదములను, ఫ్రెంచివారి ప్రాసపద్ధతులను నిస్సంకోచముగా గైకొని ఇంగ్లీషున గొప్పకావ్యములు రచించెను. ప్రభువుల భాష కొలువునుండి తొలగెను. దాని మాటలు మాత్రము ప్రజల సొత్తయి నిలిచెను.

ఇక మన సీమకు వత్తము. మన కరీంనగరము చెంత కురిక్యాలకడ గుట్టపై జినవల్లభుడు చెక్కించిన శాసనమున పదవశతాబ్దినాటి తెలుగు కందపద్యములు నేటికిని కలవు. నార్మనులు ఇంగ్లాండునకు పోకమునుపే మన తెలుగు ఱాతిపై పద్యమై నిలిచినదన్నమాట. 1323లో ఓరుగల్లు ఢిల్లీసుల్తానుల వశమయ్యెను. పిదప బహమనీలు, కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు ఈ సీమను ఏలిరి. కచేరీలో పారసీకము నెలకొనెను.

అప్పటినుండి మనకును ‘కౌ’, ‘బీఫ్’ల వరుసయే జరిగెను. దున్నుట, విత్తుట, కలుపుతీయుట, కోయుట, తూర్పారబట్టుట - పొలములోని పనులన్నియు తెలుగు. పంట లెక్కకెక్కిన తోడనే శిస్తు, కౌలు, వసూలు, బాకీ, రసీదు; తగవు వచ్చినచో ఫిర్యాదు, వకీలు, జవాబు - ఇవి పారసీకముగుండ వచ్చినవి. ‘రైతు’ అను మాటయే చూడుడు. రాజు పాలనలోనుండు ప్రజ యను అర్థముగల అరబ్బీపదమది. నేడు దున్నువాడు దానిని గౌరవముగా తన పేరునకు ముందు చేర్చుకొనుచున్నాడు. మాట దొర నోట పుట్టినను, చెమటోడ్చినవాడు దానిని తనదిగా జేసికొనెను.

మన యూళ్లపేర్లును అట్టివే. ‘కరీం’ అరబ్బీ, ‘నగరము’ సంస్కృతము, కలిపి పలుకువారము మనము. ఎదులాపురమని పెద్దలు చెప్పుకొను ఊరు ఆదిలాబాదయ్యెను. అచ్చట ఒక్క సంతలోనే తెలుగు, గోండి, మరాఠీ, ఉర్దూ వినవచ్చును. బేరమునకు ఏ భాషయు అడ్డుగాదు.

సాహిత్యమునను ఏలినవారు తెలుగునకు శత్రువులని చెప్పరాదు. 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని కొనియాడిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకితమిచ్చెను. సంస్కృతపదములను సయితము విడిచి అచ్చతెనుగున రచించిన తొలికావ్యము పొన్నికంటి తెలగనార్యుని యయాతిచరిత్రము. దానిని అంకితముగొన్నవాడు ఆ రాజ్యమునందలి యధికారి అమీనుఖానుడు. ఆ గోలకొండప్రభువుల ఫర్మానాలు కొన్ని పారసీకముతోపాటు తెలుగునను వ్రాయబడెను. ఇదియే మనము గుర్తుంచుకొనదగినది. ఒకే పత్రముపై రెండు లిపులున్నంతవఱకు ప్రజ కన్ను మూతపడలేదు.

తరువాతికాలమున కచేరీలలో తెలుగునకు ఆ చోటు దక్కలేదు. 1880వ దశకమున పారసీకము పోయి ఉర్దూ వచ్చినను, మన పల్లెవాని స్థితి మారలేదు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనభాష యయ్యెను. ఉన్నతవిద్యను ఒక దేశభాషలో నేర్పుట ఘనకార్యమే; కాని అది ఈ సీమయందు పెక్కుమంది యింటిభాష కాదు. 1921లో హైదరాబాదున జరిగిన యొక సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను.

అయినను ఉర్దూచదువు తెలుగును చంపలేదు. 1931లో మన హనుమాజీపేటలో జన్మించిన సింగిరెడ్డి నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమముననే చదువుకొనిరి. వారే ‘విశ్వంభర’ రచించి, 1988 సంవత్సరపు జ్ఞానపీఠపురస్కారము పొందిరి. పారసీకమునుండి ఉర్దూద్వారా వచ్చిన గజలును తెలుగున పాడించిరి. చాసరు ఫ్రెంచిప్రాసను గైకొన్నట్లే వీరు గజలును గైకొనిరి. పుచ్చుకొను నేర్పుగల భాషకు పేదరికము లేదు.

1966లో అధికారభాషాచట్టము వచ్చెను. నేడు మన భూమిపత్రములు తెలుగున నున్నవి. కాని బ్యాంకు, ఆసుపత్రి, న్యాయస్థానము - ఈ చోట్ల మనకిచ్చు కాగితములు తరచుగా ఇంగ్లీషున నుండును. మా తాతగారికి ఉర్దూ యెట్టిదో, నేడెందరికో ఇంగ్లీషట్టిది. ‘బ్యాంకు’, ‘లోను’ అను మాటలు మన నోటికి వచ్చినవని దుఃఖింపనక్కరలేదు. అందు వ్రాసినదేమో తెలియక వేలిముద్ర వేయుటయే దుఃఖహేతువు. కావున గ్రామమునందలి పెద్దలకు నా మనవి యొక్కటియే: ఎవరి కాగితమైనను, వ్రేలు పెట్టకమునుపు తెలుగున చదివించి వినుడు. నకలు అడిగి తీసికొనుడు. చదువరాని పొరుగువానికి చదివి చెప్పుడు. మీ యూర ఉర్దూ చదువగల వృద్ధులున్నచో, పాత కాగితములను ఇప్పుడే వారిచేత చదివించి తెలుగున వ్రాసియుంచుడు.

మా తాతగారి రసీదును నేను తెలుగున వ్రాయించి, రెంటిని కలిపి ఆ సందుగలోనే యుంచితిని. ‘సందుగ’ అను మాటయు పారసీకముగుండ వచ్చినదే. దానిని మార్చవలెనని నాకు తోచలేదు. అందున్న కాగితము మాత్రము ఇప్పుడు నా మనుమరాలు చదువగలదు.