మన తాతల పేర్లు - ఇంట్లో ఉండి వెతుక్కునే మార్గాలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టారూ, మన వంశ చరిత్ర పైసా ఖర్చు లేకుండా ఇంటర్నెట్టులో వెతుక్కోవచ్చంటున్నారు, అదెలాగో నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా తెలుగులో తడబాటు వస్తే మన్నించగలరు. ఈ విషయంలో నేను పండితుణ్ణి కాను, ఒక పెద్ద తప్పు చేసి నేర్చుకున్నవాణ్ణి. ముందుగా ఆ తప్పే మనవి చేసుకుంటాను.

మా దాదాగారి అన్నగారు రెండవ ప్రపంచ యుద్ధంలో సిపాయిగా వెళ్ళి తిరిగి రాలేదు. "రంగూను పోయాడు" అన్న ఒక్క మాట తప్ప ఇంట్లో ఇంకేమీ తెలియదు. ఆయన వెళ్ళేనాటికి కూతురు నెలల పిల్ల. ఆవిడే మా ఫుప్పీ. ఇప్పుడు ఎనభై దాటాయి. తండ్రి ముఖం ఎరుగదు, ఖబరు ఎక్కడుందో ఎరుగదు.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని 1917లో ఏర్పడిన సంస్థ ఒకటున్నది. రెండు ప్రపంచ యుద్ధాలలో మరణించిన సుమారు 17 లక్షల మంది కామన్వెల్త్ దేశాలవారి వివరాలు దాని వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. అందులో మన సిపాయిలు కూడా ఉన్నారు. ఒక రాత్రి సెల్‌ఫోనులో మా పెద్ద దాదాగారి పేరు కొట్టాను. దొరికింది! రంగూను దగ్గర తౌక్యాన్‌లో, సమాధి తెలియని సుమారు 27 వేల మంది పేర్లు చెక్కిన స్మారకం ఉన్నది. దాని మీద ఆ పేరున్నది. తెల్లవారగానే ఫుప్పీ ఇంటికి పరుగెత్తాను. ఆవిడ ఫోను మీద ఆ పేరును చేత్తో తడుముతూ ఏడ్చింది. ఫాతెహా చదివించి పదిమంది పేదలకు అన్నం పెట్టింది.

నెల తరువాత అదే పుట మళ్ళీ తీశాను. కింద చిన్న అక్షరాల్లో ఫలానావారి కుమారుడు, సేలం జిల్లా అని ఉన్నది. ఆ తండ్రి పేరు మాది కాదు, ఆ జిల్లా మాది కాదు. పేరొకటే, మనిషి వేరు! రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చెప్పకుండా ఊరుకుందామా అనిపించింది. మూడోరోజు వెళ్ళి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆయన కూడా ఎవరి తండ్రో, చేసిన దువా ఎక్కడికీ పోదు బేటా. మరి మా అబ్బా ఏడీ?" అన్నది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆవిడే లేచి ఇనప్పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన ఒక కాగితం నా చేతిలో పెట్టింది. వాళ్ళమ్మకు పింఛను వచ్చినప్పటిది. దానిమీద సిపాయి నంబరు, దళం పేరు ఉన్నాయి. "నువ్వు పేరొక్కటే అడిగావు, కాగితం అడగలేదు గదా" అన్నది. ఆ నంబరుతో వెతికితే ఈసారి తండ్రి పేరూ, గుంటూరు జిల్లా అన్న మాటా రెండూ సరిపోయాయి. ఆయన పేరు కూడా ఆ స్మారకం మీదనే ఉన్నది.

కనుక నేను చెప్పదలచినది ఒక్కటే. ముందు ఇంట్లో పెద్దలను అడగండి, పెట్టెలు తెరవండి. ఆ తరువాతనే ఫోను పట్టుకోండి.

మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. షేక్, సయ్యద్, పఠాన్, మహమ్మద్ అనేవి సర్కారు పుస్తకాల్లో ఇంటిపేర్లుగా నిలిచిపోయాయి. దర్గాల మీది భక్తితో మస్తాన్ వలీలు, ఖాదర్ వలీలు, నాగూర్ మీరాలు ఊరికి పదిమంది ఉంటారు. అందువల్ల పేరు ఒక్కదాన్ని నమ్మరాదు. పేరు, తండ్రి పేరు, ఊరు, కాలం - ఈ నాలుగింటిలో కనీసం మూడు కలిస్తేనే మనవాడనుకోవాలి. షేక్ అన్నదాన్ని ఇంగ్లీషులో నాలుగైదు విధాలుగా రాశారు. ఒక విధంగా దొరక్కపోతే ఇంకో విధంగా వెతకాలి.

ఊరి విషయంలోనూ జాగ్రత్త కావాలి. మన పల్నాటి గ్రామాలు 1904కు ముందు కృష్ణా జిల్లాలో ఉండేవి. అటుపైన గుంటూరు జిల్లా అయింది, 2022లో పల్నాడు జిల్లా అయింది. ఊరు కదలలేదు, జిల్లా పేరు మారింది. 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ వంటి పాత పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చదువుకోవచ్చు. మన తాతల పేర్లు వాటిలో ఉండకపోవచ్చు గాని, వారు బ్రతికిన కాలపు కరువులు, వృత్తులు తెలుస్తాయి.

భూమి ఉన్నవారు మన రాష్ట్రంలో మీభూమి, తెలంగాణలో 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి వెబ్‌సైట్లు చూడవచ్చు. ఓటర్ల జాబితాలు ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఉంటాయి. వాటిలో తండ్రి లేక భర్త పేరు, వయస్సు కూడా ఉంటాయి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం 2015లో అభిలేఖ్ పటల్ పేరుతో పాత సర్కారు కాగితాల పట్టికలను ఇంటర్నెట్టులో పెట్టింది. ఫ్యామిలీసెర్చ్ అనేది మరొకటి. అమెరికాలోని ఒక క్రైస్తవ సంఘంవారు నడుపుతున్నారు, రుసుము లేదు. మన దేశానికి సంబంధించి అందులో చర్చి రిజిస్టర్లే ఎక్కువ గనుక మనవారు తక్కువగా దొరుకుతారు. అయినా వంశవృక్షం రాసి ఉంచుకోవడానికి పనికివస్తుంది.

దూరదేశం వెళ్ళినవారి సంగతి. 1860 నుండి 1911 వరకు మన దేశంనుండి 1,52,184 మంది దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఒప్పందపు కూలీలుగా వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. వారిలో తెలుగు జిల్లాలవారూ, మన ముస్లింలూ ఉన్నారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామంతో సహా ఆ ఓడల జాబితాలను అక్కడి క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయపు గాంధీ-లుథులి కేంద్రంవారు సిద్ధంచేసి అందరికీ అందుబాటులో ఉంచారు.

ఇంటర్నెట్టులో దొరకనివి కూడా చెప్పాలి. జనాభా లెక్కల్లో మనిషి మనిషికి రాసుకున్న వివరాలు 1948 చట్టం ప్రకారం ఎవరికీ చూపరు. మన నిఖా వివరాలు ఖాజీగారి రిజిస్టర్లలో ఉంటాయి. వారికి ఫోను చేసి మర్యాదగా అడగవలసిందే.

నిఖానామాలో హిజ్రీ సంవత్సరం, భూమి కాగితంలో ఫస్లీ ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే ఆ ఫస్లీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1360 ఫస్లీ అంటే 1950 జూలైతో మొదలైనది. హిజ్రీ అలా లెక్కకు రాదు, ఏటా సుమారు 11 రోజులు తగ్గుతుంది. 1370 రజబు అంటే 1951 ఏప్రిల్. తేదీలు మార్చిచూపే వెబ్‌సైట్లు ఉచితంగానే ఉన్నాయి.

రెండు హెచ్చరికలు. ఉచితమని చెప్పి మధ్యలో డబ్బుగాని, ఆధార్ నంబరుగాని అడిగితే అక్కడే ఆపండి. బ్రతికి ఉన్నవారి పుట్టినతేదీలు పదిమందీ చూసేచోట పెట్టకండి. ఇంకొక మాట. గొప్ప కోసం ఎక్కడో అరబ్బు దేశపు పీరుగారిని తెచ్చి మన చెట్టుకు అంటుకట్టకండి. తాత దూది ఏకినా, బండి తోలినా, హలాలు తిండి పెట్టాడు. ఆ పేరే మనకు పేరు. పెద్దలు నసబు తెలుసుకోమన్నది సిలే రహిమీ కోసం, తెగిన చుట్టరికం కలుపుకోవడం కోసం.

చివరగా నా బాధ ఒకటి. ఆ పెట్టెల్లోని కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. మన పిల్లల్లో వాటిని చదవగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. చదవరానిది చెత్తగా కనిపిస్తుంది, ఇల్లు మార్చినప్పుడు పాతసామాన్లవాడికి పోతుంది. పిల్లలకు ఇంటర్నెట్టులో ఉర్దూ లిపి ఉచితంగా నేర్పవచ్చు. అంతవరకు నేనున్నాను. ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత సంఘం కార్యాలయంలో కూర్చుంటాను. మీ కాగితం తెండి, చదివి తెలుగులో రాసి ఇస్తాను. కాగితం మీ దగ్గరే ఉంటుంది. నాకు ఒక కప్పు చాయ్ చాలు.

మా ఫుప్పీ ఇప్పుడు ఆ స్మారకం ఫోటోను ఇంట్లో పెట్టుకున్నది. పండుగనాడు తండ్రి పేరుతో పాటు ఆ సేలం సిపాయి పేరు కూడా చెప్పి దువా చేస్తుంది. మీ ఇంట్లోనూ ఇలా ఎదురుచూసే పెద్దావిడ ఉండవచ్చు. ఈ రాత్రే వెళ్ళి ఆమె పక్కన కూర్చోండి.