తల ఊపిన పిల్లలు
(యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పరాయి దేశంలో పాఠాలు చెప్పిన అనుభవం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. "భాష రాకుండా ఎలా చెప్పావక్కా?" అని మీలో కొందరు ముందే అడిగారు. నిజం చెప్పాలంటే, మొదటి రెండు నెలలు నేను చెప్పలేదు. చెప్తున్నాననుకున్నాను, అంతే.

ముందు నా చిన్నప్పటి సంగతి ఒకటి. నేను బరంపురంలో పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒకటో తరగతిలో మాష్టారు పాఠం చెప్పి "అర్థమైందా?" అని అడిగేవారు. చుట్టూ ఉన్న పిల్లలు తల ఊపితే నేనూ ఊపేదాన్ని. ఆయన తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేవారు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. హోసూరులో, షోలాపూరులో పెరిగినవాళ్ళకు ఈ బాధ నేను విడమరచి చెప్పక్కర్లేదు.

అలాంటి నేను పెద్దదాన్నయ్యాక ఇంగ్లిషు చెప్పడానికి కాంబోడియా వెళ్ళాను. బట్టంబాంగ్ ప్రాంతంలో, వరి పొలాల మధ్య ఒక చిన్న బడి. పది నెలలు ఉన్నాను. అక్కడి భాష ఖ్మేర్. నాకు వచ్చినవి పది మాటలు.

ఆ దేశం పడిన కష్టం మీకు తెలియాలి. 1975 నుంచి 1979 జనవరి దాకా అక్కడ ఖ్మేర్ రూజ్ పాలన సాగింది. బడులు మూసేశారు. చదువుకున్నవాళ్ళను, టీచర్లను వెతికి చంపారు. ఆకలితో, రోగాలతో, హింసతో లక్షల మంది పోయారు. తర్వాత బడులు తెరిస్తే పాఠం చెప్పేవాళ్ళే కరువు. నాలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు నేర్పుతూ ఆ చదువును మళ్ళీ నిలబెట్టుకున్నారు. ఇదంతా వెళ్ళేముందే చదివాను. చదివానే గానీ బుర్రకెక్కలేదు.

నేను వెళ్ళగానే ఒక తరగతి నాకు అప్పగించారు. ఆ తరగతి టీచరమ్మ వెనక కుర్చీలో కూర్చునేది. నేను బొమ్మలు చూపించాను, పాటలు పాడించాను. పిల్లలు చప్పట్లు కొట్టి గట్టిగా పాడేవారు. "యల్ తే?" అంటే "అర్థమైందా?" అని. అడిగితే అందరూ తల ఊపేవారు. ఆ ఫోటోలు ఇంటికి పంపితే మా సంఘంలో తెర మీద చూపించి, నా కోసం ప్రార్థన చేశారు.

రెండు నెలలయ్యాక చిన్న పరీక్ష పెట్టాను. "నిన్న నేను బడికి వెళ్ళాను" అని ఇంగ్లిషులో రాయాలి. ఒక్కరు కూడా 'వెంట్' అని రాయలేదు. రాసినవాళ్ళందరూ 'గో' అనే రాశారు. అందరికంటే గట్టిగా పాడే చివరి బల్ల పిల్ల తేదీ మాత్రం అందంగా వేసి, తెల్ల కాగితం ఇచ్చింది. పక్కన కూర్చుని "యల్ తే?" అన్నాను. తల ఊపింది. అప్పుడు నాకు బరంపురం గుర్తొచ్చింది.

సిగ్గుతో వెనక కూర్చున్న టీచరమ్మ దగ్గరికి వెళ్ళి, వచ్చిన నాలుగు మాటలతో, సైగలతో సాయం అడిగాను. ఆమె లేచి రెండు నిమిషాలు ఖ్మేర్‌లో మాట్లాడింది. పిల్లలంతా "ఓ!" అన్నారు. ఆమె ఏం చెప్పిందో తర్వాత తెలిసింది. ఖ్మేర్‌లో క్రియ మారదు, 'నిన్న' అని చేర్చితే చాలు. ఇంగ్లిషులో ఆ మాటే మారిపోతుంది. నాకు రెండు నెలల్లో చేతకానిది ఆమెకు రెండు నిమిషాల పని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టీచర్లను పోగొట్టుకుని మళ్ళీ తయారు చేసుకున్న దేశంలో, నేను ఒక టీచరును వెనక కుర్చీలో కూర్చోబెట్టాను. అది కూడా సేవ పేరుతో.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. పాఠం ఆమెది, పలికించడం నాది. బడి వదిలాక అరగంట పిల్లలు నాకు ఖ్మేర్ అక్షరాలు నేర్పేవారు. ఆ లిపి పల్లవుల లిపి నుంచి పుట్టింది. మన వత్తుల లాగే హల్లు కింద హల్లు రాస్తారు, దాన్ని అక్షరం 'కాలు' అంటారు. మన గురువు అక్కడ 'క్రూ', మన శాల అక్కడా 'సాలా'యే. కానీ ఒకే అచ్చు గుర్తు హల్లును బట్టి వేరుగా పలుకుతుంది. నేను తప్పు చదివితే పిల్లలు పగలబడి నవ్వేవారు. నన్ను ముందుగా దిద్దింది ఆ చివరి బల్ల పిల్లే. కొన్నాళ్ళకు తరగతిలో చెయ్యెత్తి "ఒత్ యల్ తే" అంది. అర్థం కాలేదని. టీచరుకే రాని మాటలున్నాయని చూశాక, తనకు రాదని చెప్పే ధైర్యం వచ్చింది. నా పది నెలల్లో నాకు దక్కిన బహుమానం ఆ మాటే.

పెంతెకొస్తు దినాన కూడివచ్చిన జనాన్ని గలిలయుల భాష నేర్చుకుని రమ్మనలేదు. ఎవరి భాషలో వాళ్ళకు వినబడింది. భాష భారం వినేవాడి మీద కాదు, చెప్పేవాడి మీద పడింది. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, దెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు కూడా ముందు మన తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వెళ్ళాలనుకుంటే వెళ్ళండి. వెళ్ళేముందు కొన్ని అడగండి. అక్కడి టీచరు పక్కన నిలబడతానా, ఆమె చోటు లాక్కుంటానా? ఎన్ని నెలలుంటాను? రెండు వారాల మనిషి వల్ల పిల్లలకు ఒరిగేది తక్కువ. పోలీసు ధ్రువపత్రం అడుగుతున్నారా? ఏమీ అడక్కుండా పిల్లల మధ్యకు పంపేవాళ్ళను నమ్మకండి. అనాథాశ్రమాల విషయంలో మరీ జాగ్రత్త. కాంబోడియా ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సర్వేల్లో తేలింది. సందర్శకుల డబ్బు కోసం పిల్లల్ని ఇంటికి దూరం చేసే వ్యాపారానికి మనం గిరాకీ కాకూడదు.

చివరిగా ఒక మాట. బలంగీర్, నువాపడా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వలస వెళ్ళే కుటుంబాల పిల్లలున్నారు. వాళ్ళది ఒడియా, అక్కడి బడిది తెలుగు. ఆ రెండూ వచ్చినవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు.

ఎక్కడికి వెళ్ళినా సరే, పిల్ల తల ఊపింది కదా అని తర్వాతి పాఠానికి వెళ్ళిపోకండి.