ప్రాణహిత రాతిచేప తల



కాళేశ్వరమునొద్ద ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. సంగమమున కావలి గట్టున సిరొంచ యున్నది. అచ్చటనుండి ప్రాణహిత వెంబడి యెగువకు పోయినచో యెడమ గట్టున కోట యను చిన్న గ్రామము గలదు. నేడది మహారాష్ట్రములో గడ్చిరోలి జిల్లాలోనిది. పొరుగువారికే అంతగా తెలియని యీ గ్రామము పేరు దేశదేశముల భూగర్భశాస్త్రజ్ఞు లెఱుగుదురు. కారణ మేమనగా, అచ్చటి సున్నపురాతి పొరలలో చేపలున్నవి. సుమారు 18 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ తావు మంచినీటి సరస్సుగా నున్నపుడు అడుగు బురదలో పూడుకొని, బురదతోపాటు రాయియైన చేపలవి.

1851లో కర్నల్ సైక్స్ అను నాతడు ఇట్టి చేపనుగూర్చి లండను భూగర్భశాస్త్ర సంఘమునకు నివేదించెను. దానిని ఫిలిప్ ఈజర్టన్ అను పండితుడు వర్ణించెను. దాని పేరు లెపిడోటిస్ డెక్కనెన్సిస్. మొదటి మాటకు పొలుసులు గలదనియు, రెండవ మాటకు దక్కను దేశపుదనియు అర్థము. పేరు తగినదే. దాని పొలుసులు మన చేపలకువలె పలుచనివి కావు. దళసరియై, పలకలవలె నాలుగు మూలలు గలిగి, మీద గాజువంటి మెఱుగుతో నుండును. ఒకదాని కొక్కెము మఱొకదాని గుంటలో నమరి, ఒడలంతయు కవచము తొడిగినట్లుండును. చేప చచ్చి కోట్ల యేండ్లు గడచినను ఈ కవచము చెడదు. కావుననే పూర్వులు చేపల జాతులను పొలుసునుబట్టి నిర్ణయింపబోయిరి.

ఆ మార్గమునకు మూలపురుషుడు లూయీ అగాసీ. లెపిడోటిస్ అను పేరును 1832లో పెట్టినవాడును అతడే. చేపలన్నింటిని పొలుసుల తీరునుబట్టి నాలుగు గణములుగా నతడు విభజించెను. మెఱుగు పొలుసులును, ఎముక పలకలును గలవి యెల్ల నొక గణము. దాని ఫలమేమి? మన రాతిచేపయు, సముద్రమునందలి గుఱ్ఱపుచేపయు ఒకే యింటివారైరి!

నేను చిరకాలము బడిలో వ్యాకరణము చెప్పినవాడను; నాకీ తప్పు పరిచితమే. రామః, మనః అను రెండు పదములకును తుద విసర్గయే. తుదను మాత్రమే చూచు బాలుడు రెండింటిని ఒకే గణమున చేర్చును. కాని మొదటిది అకారాంత పుంలింగము, రెండవది సకారాంత నపుంసకము. ప్రాతిపదికను చూచినగాని నిజము తేలదు. 1844లో బెర్లినులో యోహానెస్ ముల్లర్ అను పండితుడు చేపల గుండెను, నరములను పరీక్షించి అగాసీ గణమును సంస్కరించెను. అయితే రాతిచేపలకు గుండె యేది? నరము లేవి? వానికి మిగిలిన ప్రాతిపదిక తలయెముకలే.

ఆ తలను చదువు విధము కొంచెము చెప్పెదను. శాకాహారులైన పెద్దలు మన్నింపవలెను.

శీలావతి చేప పెదవి పట్టి మెల్లగా లాగినచో పైదవుడ ముందుకు సాగును. ఇది చిన్న విషయము గాదు. ఱెక్కలయందు విసనకఱ్ఱ ఈనెలవంటి యెముక పుల్లలు గల చేపల మహాకుటుంబములో, మిక్కిలి ప్రాచీనములైన వానికి పైదవుడ చెంప యెముకతో గట్టిగా అతుకుకొని యుండెను. నోరు తెఱచుటయన్న క్రింది దవుడను దింపుట మాత్రమే. తరువాతి కాలపు చేపలలో పైదవుడ యెముక వెనుక కొన చెంపనుండి విడివడినది. నోరు తెఱచినపుడు అది తలుపువలె ముందుకు తిరిగి నోటి ప్రక్కలను మూయును. అపుడు నీటితోపాటు ఎరయు లోనికి పీల్చబడును. లెపిడోటిస్ తలలో ఈ యెముక విడిగానే యున్నది. కావున కవచము ప్రాచీనముగా కనబడినను, నోరు నవీనమైనది.

రెండవది కంటిచుట్టు వలయము. చిన్న యెముక పలకలు కంటిని చుట్టియుండును. వాని గర్భమున నొక సన్నని నాళము పోవును. నీటి కదలికను గ్రహించు ఇంద్రియమునకు అది దారి. ఈ నాళపు రంధ్రములను వెంబడించియే పలకల వరుస యెక్కడ మొదలై యెక్కడ ముగిసెనో తెలిసికొందురు. తక్కిన చేపలలో ఆ వరుస కంటి ముందటి యంచుతో దాదాపు ముగియును. లెపిడోటిస్‌లో నన్ననో, కంటి నంటని పలకలతో మూతివైపు ఇంకను సాగును. ఇట్టి లక్షణమే నేడు అమెరికా ఖండపు నదులలో బ్రదికియున్న గార్ అను పొడవుమూతి చేపలలో గలదు. వానిలో ఆ పలకల వరుసయే పొడుగై, పండ్లు మొలిచి, పైదవుడగా పనిచేయుచున్నది. చూపునకు మొసలి మూతివంటి మూతి గల గార్‌కును, మన లావుపాటి రాతిచేపకును చుట్టఱికము కుదిర్చినది యీ నాలుగైదు పలకలే యనిన అతిశయోక్తి గాదు. ఈ వంశమునకు గింగ్లిమోడి యని పేరు. గార్ జాతులు నేడు ఏడు మాత్రమే మిగిలినవి.

పండ్లనుగూర్చి ఒక మాట. లెపిడోటిస్ వర్గపు చేపలలో పెక్కింటికి బొత్తాములవలె గుండ్రని పండ్లుండును; గుల్లలను నలుగగొట్టుట కనువైనవి. ఐరోపాలో పూర్వులు వీనిని కప్ప తలలో పుట్టిన మణులని నమ్మి, విషమునకు విరుగుడని ఉంగరములలో పొదిగించుకొనిరి. మన నాగమణి కథ విన్నవారికి ఇది వింతగా తోపదు.

అగాసీ తరువాత నూఱేండ్లకు పైగా, దళసరి మెఱుగు పొలుసు కనబడిన ప్రతి రాతిచేపకును లెపిడోటిస్ అని పేరిడుట వాడుకయైనది. ఎన్నియో జాతులు ఆ గంపలో పడినవి. 2012లో అడ్రియానా లోపెజ్ అర్బరెల్లో అను విదుషి ఈ వంశపు చేపల లక్షణములను, ముఖ్యముగా తలయెముకలను, ఒక్కటొక్కటిగా పోల్చి, ఆ పేరును అగాసీ మొదట వర్ణించిన చేపకు దగ్గఱి జాతులకే పరిమితము చేసెను. ఇంగ్లండులో ప్రసిద్ధమైన మాంటెల్ లెపిడోటిస్ షీన్‌స్టియా యను వేఱు ప్రజాతిలో చేరెను.

కోట చేపలకును ఇట్టి సంస్కారము కొంత జరిగినది. అచ్చటనే దొరకిన మఱియొక చేపను, ఎత్తైన గుండ్రని ఒడలు గలదానిని, మొదట ఇంగ్లండు చేపయైన డెపీడియమ్ కుటుంబమున చేర్చి ఈజర్టన్ పేరిట పిలిచిరి. సోహన్‌లాల్ జైన్ అను మన దేశపు శాస్త్రజ్ఞుడు క్రొత్త నమూనాలను పరీక్షించి, 1973లో దానికి పారడెపీడియమ్ అని వేఱు పేరిడెను. లెపిడోటిస్ జాతులను సయితము అతడు 1983లో మరల పరిశీలించెను.

ఈ పనికి కావలసినది చెడని తల. రాతిపొర పగిలినపుడు చేప రెండు పలకలలోను సగము సగముగా నుండును. ఒకదానిలో ఎముక, రెండవదానిలో దాని అచ్చు. మెఱయు పొలుసులున్న పలకను వేడుకకై యింటికి దెచ్చుకొని, తల యున్న జత పలకను గట్టుననే విడిచిపెట్టిన, పేరు నిర్ణయించు నక్షరములు పోయినట్లే. ప్రాణహిత తీరమున రాళ్లు పగులగొట్టు వారెవరైన మీకు తెలిసినవారైనచో, రెండు పలకలను జతగా కట్టియుంచి, దొరకిన చోటు, పొర లోతు వ్రాసియుంచుడని వారికి చెప్పుడు.