తానే వెళ్లిన కల్నల్



ఈ గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడ మీదుగా పోతే సూర్యాపేట. ఆ ఊరి బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు గురించి ఇవాళ పట్టా అందుకుంటున్న మీకు చెప్పాలని వచ్చాను. ఆరో తరగతిలోనే ఇల్లు విడిచి విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరారు. 2004లో బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌లో అధికారి అయ్యారు. 2020 నాటికి ఆ బెటాలియన్‌కే కమాండింగ్ ఆఫీసర్.

ఆ ఏడాది జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన కొట్లాట గురించి మీకు తెలుసు. నేను మళ్లీ మళ్లీ తలుచుకునేది ఆ కొట్లాటకు ముందు సంగతి. ఇరువైపులా వెనక్కి తగ్గాలని జూన్ 6న సేనాధికారులు మాట అనుకున్నారు. ఆ మాట నిలబడిందో లేదో చూసి రమ్మని కింది అధికారిని పంపినా తప్పుపట్టేవారు లేరు. ఆయన తానే వెళ్లారు. వాస్తవాధీన రేఖకు 2 కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996లో రాసుకున్న ఒప్పందం ఉంది. తూటా పేలలేదు. మీద పడినవి రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలు. తీవ్రంగా గాయపడ్డా చోటు వదలక జవాన్లను నడిపించారు. ఆయనతో సహా మనవాళ్లు 20 మంది అమరులయ్యారు. ఆయనకిచ్చిన మహావీరచక్రను 2021 నవంబరులో తల్లి, భార్య అందుకున్నారు. యుద్ధకాల శౌర్య పురస్కారాల్లో పరమవీరచక్ర తర్వాతిది అదే.

అదే రాత్రి, అదే బెటాలియన్‌లో దీపక్‌సింగ్ అనే నర్సింగ్ అసిస్టెంట్ ఉన్నాడు. కట్లు కట్టడం, రక్తం ఆపడం అతని పని. రాళ్లదెబ్బలు తగిలినా ఆ పని ఆపలేదు. 30 మందికి పైగా ప్రాణాలు నిలబెట్టి తాను కన్నుమూశాడు. అతనికి వీరచక్ర ఇచ్చారు. నేర్చుకున్న పనిని ఆ చీకట్లో, ఆ చలిలో చెయ్యి వణక్కుండా చేసిన ఆ కుర్రాడంటే నాకు సంతోష్‌బాబు అంతటి గౌరవం.

మీరు వ్యవసాయ డిప్లొమా చేతపట్టుకొని జగ్గయ్యపేట, నందిగామ పల్లెలకు వెళ్తున్నారు. మిరప పూతలో నల్ల తామర పురుగు పడిందని రైతు ఫోన్ చేస్తే, మందు పేరు చెప్పి ఊరుకోకండి. ఆ కల్నల్‌లా మీరే పొలానికి వెళ్లండి, పువ్వు అరచేతిలో దులిపి చూడండి, ఆయన ఇప్పటికే ఏం కొట్టాడో అడగండి.