కోడి కూత – పొరుగువాని నిద్ర



ఈ ఉదయం ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. మా పెరట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. ఆ పుంజు వేకువజామునే కాదు, పగలంతా కూస్తూనే ఉండేది. పక్కింటి సహోదరి నర్సు. రాత్రి డ్యూటీ చేసి, ఉదయం వచ్చి పడుకుంటుంది. ఒకరోజు ఆమె, "అయ్యగారూ, మీ పుంజు నన్ను నిద్రపోనివ్వడం లేదండీ" అన్నది. నేను నవ్వి, "దేవుడిచ్చిన గొంతు కదమ్మా, నేనేం చేయను?" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సామెతలు 27వ అధ్యాయం చదువుతూ 14వ వచనం దగ్గర ఆగిపోయాను. తెల్లవారుజామున గట్టిగా అరుస్తూ దీవించినా పొరుగువానికి అది శాపంతో సమానమేనట. దీవెన సంగతే అలాగైతే నా పుంజు సంగతేమిటి?

మరి దాని నోరు మూయించవచ్చా? మెడకు కట్టే పట్టీలున్నాయి. పుంజు తన గాలితిత్తుల్లోని గాలిని ఒక్కసారిగా నెట్టి కూస్తుంది. పట్టీ ఆ గాలిని అడ్డగిస్తే కూత తగ్గుతుంది. పుంజును కోయనక్కరలేదు, పొరుగువారితో తగవూ ఉండదు. ఇది లాభమే. కాని బిగువు కొంచెం ఎక్కువైతే దానికి ఊపిరాడదు. కాలిగోరు అందులో చిక్కుకోవచ్చు. ఆపరేషన్ చేయిద్దామంటే, కోడికి స్వరం పుట్టే చోటు మనకువలె గొంతులో లేదు. శ్వాసనాళం రెండుగా చీలే చోట, రొమ్ము లోపల ఉంది. అక్కడ కత్తి పెట్టడం ప్రాణాపాయమే. నీతిమంతుడు తన పశువు ప్రాణం గురించి ఆలోచిస్తాడని సామెతలు 12:10 మనకు నేర్పుతుంది.

చీకటి గూట్లో పెడితే? వెలుగు చూడకపోయినా పుంజు తన లోపలి గడియారాన్ని బట్టి కూస్తుందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపించారు. గూడు చప్పుడును కొంత తగ్గిస్తుందే గాని కూతను ఆపదు. గాలి ఆడని గూడైతే మన వేసవిలో పుంజే దక్కదు.

ఫ్రాన్సు దేశంలో ఒలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు మీద పొరుగువారు కోర్టుకెక్కారు. 2019 సెప్టెంబరులో తీర్పు పుంజు పక్షాన వచ్చింది. 2021లో పల్లె శబ్దాలను, వాసనలను కాపాడే చట్టమే చేశారు. చట్టం మన పక్షాన ఉండవచ్చు. కాని వ్యాజ్యం గెలిచి పొరుగువానిని పోగొట్టుకుంటే మనకేమి లాభం?

నేను వెళ్లి ఆ సహోదరిని క్షమాపణ అడిగాను. గుడ్లకైతే పుంజు అక్కరలేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. అందుకని ఊరి బయట పొలంలో కాపురముండే మా సంఘపెద్దగారికి పుంజును ఇచ్చాను. కోయనని మాట కూడా తీసుకున్నాను.

దేవుని బిడ్డలారా, ఒక్క మాట. ప్రధానయాజకుని ముంగిట మంట దగ్గర పేతురు ముమ్మారు ప్రభువును ఎరుగనన్నాడు. కోడి కూసింది. అతడు వెలుపలికి పోయి ఏడ్చాడు. ఆ రాత్రి ఆ కోడి గొంతుకు ఎవరైనా పట్టీ కట్టి ఉంటే? నన్ను మేల్కొలిపిన కూత నా పుంజుది కాదు, ఆ సహోదరిది. దాన్నే నేను నవ్వుతో మూయించబోయాను. ఈ దినాన మీ ఇంట్లో, మీ వీధిలో మీరు మూయించాలనుకుంటున్న గొంతు ఎవరిది?

ప్రార్థించుకుందాం. తండ్రీ, పొరుగువాని నిద్రను, మూగజీవి ప్రాణాన్ని గౌరవించే మనస్సు మాకు దయచేయుము. మమ్మును మేల్కొలుపు స్వరమును త్రోసివేయక వినుటకు సహాయము చేయుము. ఆమేన్.