గెలిచే ముక్కలతో ఓడినప్పుడు

ఈ వారం పేకాట గురించి మాట్లాడతానంటే మా ఆవిడ "రేడియో పిల్లలు కూడా వింటారు, కాస్త చూసి మాట్లాడండి" అంది. భయపడకండి, నేనెవరికీ పేకాట నేర్పబోవటం లేదు. ఓడిపోవటం గురించి రెండు ముక్కలు చెబుతాను, అంతే.

మన తెలుగువాళ్ళకి పేకాటంటే రమ్మీయే. పెళ్ళి విడిదిలో జోకరు, సీక్వెన్సు, డ్రాపు అన్న మాటలు వినపడకపోతే అది పెళ్ళిలాగే ఉండదు. రమ్మీలో ఉన్నది అదృష్టమా, నైపుణ్యమా అన్న తగాదా సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో కోర్టు, ఇది మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని తేల్చింది. అయినా పంచే ముక్కల్లో అదృష్టం ఉండనే ఉంది కదా!

ఇక్కడ టెక్సస్‌లో మా ఆట పోకర్. అందులో 'హోల్డెమ్' అనే రకం పుట్టింది ఈ రాష్ట్రంలోని రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళోనని 2007లో రాష్ట్ర శాసనసభే గుర్తించింది. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు పరుస్తారు, ముందు మూడు, తరువాత ఒకటి, చివరికి ఇంకొకటి. ఈ ఏడింటిలోంచి మంచి అయిదు ఎవరివైతే వాళ్ళది గెలుపు. డాలస్ శివార్లలో నెలకోసారి ఆరుగురు స్నేహితులం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాం. మనిషికి ఇరవై డాలర్లు, అంతకు మించి లేదు. పకోడీలకయ్యే ఖర్చు దానికన్నా ఎక్కువే ఉంటుంది.

మొన్నామధ్య నాకు రెండు ఆసులు పడ్డాయి. 221 సార్లు పంచితే సగటున ఒక్కసారి వచ్చే జత అది. నా ఇరవై డాలర్లూ ముందుకి తోశాను. నేను బావా అని పిలిచే విజయవాడ స్నేహితుడొకడు తనవీ తోశాడు. ముక్కలు తిప్పి చూస్తే అతనివి రెండు రాజులు. ఆ స్థితిలో ఆసులు నూటికి సుమారు 82 సార్లు గెలుస్తాయి. మధ్యలో ఆఠీను తొమ్మిది, కళావరు నాలుగు, డైమను రెండు పడ్డాయి. తరువాత ఇస్పేటు ఏడు. ఇక మిగిలింది ఒకే ఒక్క ముక్క. మాకు కనపడని 44 ముక్కల్లో అతన్ని గెలిపించేవి రెండే, మిగిలిన రెండు రాజులు. అంటే 22లో ఒక వంతు. వచ్చింది డైమను రాజు!

"అంత తొందరపడి అన్నీ ఎందుకు పెట్టావయ్యా?" అన్నాడు పక్కనున్నాయన. "వచ్చే నెల అవే ముక్కలు పడితే మీరేం చేస్తారు?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "నేనూ పెడతాననుకో" అన్నాడు. అందరం నవ్వుకున్నాం.

ఫలితాన్ని చూసి నిర్ణయానికి మార్కులు వేసే ఈ అలవాటుని పోకర్ ఆటగాళ్ళు 'రిజల్టింగ్' అంటారు. ఇరవై డాలర్లకైతే నవ్వుకుని ఊరుకుంటాం. మా ఇంట్లో ఇదే అలవాటు ఒకసారి కంటనీరు పెట్టించింది.

మా తమ్ముడు ఇక్కడ ఎమ్మెస్ చేసి ఉద్యోగంలో చేరాడు. 2022, 2023, 2024 మార్చి నెలల్లో మూడుసార్లు హెచ్-1బి లాటరీలో వాడి పేరు రాలేదు. ఏటా ఉండేవి 85,000 వీసాలు. ఒక్క 2023లోనే సుమారు 7,80,000 రిజిస్ట్రేషన్లు వస్తే ఎంపికైనవి సుమారు 1,88,000. గడువు అయిపోయి వాడు హైదరాబాదు వెళ్ళిపోయాడు. చుట్టాలు ఫోన్లు చేసి మరీ "ముందే కెనడా వెళ్ళాల్సింది, వాడిది తప్పుడు లెక్క" అన్నారు. అమ్మ ఆ మాటలకి చాలా బాధపడింది.

నాకు 2014లో మొదటిసారికే లాటరీ తగిలింది. అప్పుడు అదే చుట్టాలు "పెద్దాడు తెలివైనవాడు" అన్నారు. అదే చదువు, అదే రంగం, అదే దారి. నాకు కావలసిన ముక్క పడింది, వాడికి పడలేదు. నాది తెలివి, వాడిది తప్పు ఎలా అవుతుంది చెప్పండి?

అలాగని ఓడిన ప్రతిసారీ అదృష్టాన్ని తిట్టుకుని ఊరుకోమనటం లేదు. అప్పటికి తెలిసిన సంగతులతో మళ్ళీ అదే చేస్తానా అని నిజాయితీగా అడుక్కోవాలి. చేస్తానంటే మనసు కష్టపెట్టుకోనక్కరలేదు. చెయ్యనంటే అక్కడ నేర్చుకోవలసింది ఉన్నట్టు.

ఇంకొక సంగతి. ఎంత మంచి ముక్కలకైనా ఓటమి ఉంది కాబట్టి, పందెం మనం తట్టుకోగలిగినంతే ఉండాలి. తమ్ముడు బయలుదేరేముందు నాన్నగారు "అప్పు చెయ్యి, కానీ ఇల్లు తాకట్టు మాత్రం వద్దు" అన్నారు. వాడు ఆ మూడేళ్ళ జీతంతో అప్పు తీర్చేశాడు. లాటరీ పోయింది గానీ ఇల్లు పోలేదు. ఆన్‌లైన్ రమ్మీలో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ కథలు మీరూ వినే ఉంటారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించాయి. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అక్కడ ముక్కల సంగతి తరువాత, పందేనికి హద్దు లేకపోవటమే పెద్ద ప్రమాదం.

మన ఇళ్ళలో కాలేజీ సీటు రాని పిల్లలుంటారు, లేఆఫ్‌లో ఉద్యోగం పోయిన అల్లుళ్ళుంటారు. "అలా చేసి ఉండాల్సింది" అనే ముందు, "అప్పుడు నీకేం తెలుసు, ఏం ఆలోచించావు?" అని ఒక్క మాట అడిగి చూడండి. జవాబు విన్నాక మందలించాలో, భుజం తట్టాలో మీకే తెలుస్తుంది.