మూడక్షరాల సదస్సు



ఏ మాస్టారి పేరిట ఈ సాయంత్రం ఇక్కడ చేరామో, ఆయన ఇంగ్లీషు చెప్పేటప్పుడు పెద్ద మాటల దగ్గర ఆగేవారు కాదు. "వాటికి నిఘంటువుంది. మిమ్మల్ని ముంచేవి చిన్న మాటలేరా" అనేవారు. అందుకే ఎస్, ఇ, టి అనే మూడక్షరాల 'సెట్'ను ఈ రోజు ఎంచుకున్నాను.

1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ఈ క్రియకు సుమారు 430 అర్థాలున్నాయి. వాటి వివరణకు 60,000 మాటలు పట్టాయి. తర్వాతి సవరణలో 'రన్' 645 అర్థాలతో దీన్ని దాటింది.

పొద్దు గుంకితే సెట్. సిమెంటు గట్టిపడితే సెట్. విరిగిన ఎముకను సరిచేసి కట్టు కడితే సెట్. ప్రశ్నపత్రం తయారుచేస్తే సెట్. వీటన్నిటికీ చుట్టరికం ఎక్కడ?

పాత ఇంగ్లీషులో 'సెట్టన్' అంటే కూర్చోబెట్టడం. 'సిట్' కూర్చోవడం, 'సెట్' కూర్చోబెట్టడం. 'ఫాల్' పడటం, 'ఫెల్' పడగొట్టడం. అచ్చు మారగానే చేసేవాడు చేయించేవాడవుతాడు. ఎముక తన చోట కూర్చుంది, సిమెంటు కదలకుండా కూర్చుంది, సూర్యుడు దిగి కూర్చున్నాడు. అర్థాలు వందలైనా పీట ఒక్కటే.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అన్నాడు. ఆ వంశవృక్షంలో 'సెట్'కు దాయాది సంస్కృత ధాతువు 'సద్'. గురువు దగ్గర కూర్చుంటే ఉపనిషత్తు, పదిమంది చుట్టూ కూర్చుంటే పరిషత్తు, మనం కూర్చున్న ఇది సదస్సు.

ఇక గుంపు అనే అర్థంలో వాడే 'సెట్' వేరే ఇంటి బిడ్డ. లాటిన్ 'సెక్టా' ఫ్రెంచి మీదుగా వచ్చింది. దాని మూలార్థం వెంట నడవడం. ఆ వైపు మన బంధువు 'సచివుడు', రాజు వెన్నంటి ఉండేవాడు. కూర్చున్న మాటా నడిచిన మాటా ఇంగ్లీషులో ఒకే రూపానికి వచ్చాయి. ఒక చోట అమర్చినవన్నీ ఒక జట్టే కదా అనిపించి, అర్థాలూ కలగలిసిపోయాయి. టీకప్పుల సెట్ ఎవరి సంతానమో విడదీసి చెప్పడం కష్టం.

మన 'పెట్టు' సంగతి చూడండి. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం పీఠికకు జోడించిన రచనలో ఎల్లిస్ అనే పండితుడు వాదించాడు. కాబట్టి 'పెట్టు'కు 'సెట్'తో నెత్తురు సంబంధం లేదు. పని మాత్రం అదే. అన్నం పెడతాం, పేరు పెడతాం, వంక పెడతాం; కోడి గుడ్డు పెడుతుంది. 'కూర్చోబెట్టు', 'నిలబెట్టు'లలో చేయించే బరువంతా దానిదే. తనకంటూ సామాను తక్కువ కనుకే ఏ ఇంట్లోనైనా ఇమిడిపోతుంది.

ఈనాటి కుర్రకారు "సంబంధం సెట్టయింది" అంటే పెద్దలు నొచ్చుకుంటారు. నాకైతే అందులో మన 'కుదిరింది' వినిపిస్తుంది. కుదురుగా కూర్చోబెట్టడమే కదా ఆ ఇంగ్లీషు మాట మొదటి పని!

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. 'సెట్' అంటే 'ఉంచు' అని పిల్లల చేత అర్థం రాయించి వదిలేయకండి. పది వాక్యాలు రాయించండి. ఏ వాక్యంలో ఏ తెలుగు క్రియ కుదురుతుందో వాళ్లనే వెతకనివ్వండి. మాస్టారు మాకు అలాగే నేర్పారు.